కారు పాసు, ఇంజిను ఫెయిలు

వాహనాలకు కూడా ఆరోగ్యం ఉంటుందని మా శాఖ కనుక్కున్న ఏడాది మా ఆఫీసు బోర్డు మారింది. అంతకుముందు అది వాహన తనిఖీ కార్యాలయం. ఆ తర్వాత ‘సమగ్ర వాహన స్వస్థతా కేంద్రం, మల్లిలంక’ అయింది. బోర్డు ఎక్కించిన రోజున అందరికీ లడ్డూ, కారప్పూస పంచారు. కుర్చీలు మాత్రం పాతవే. నేను అందులో సీనియర్ అసిస్టెంటును. పేరు సోమయాజులు.

బోర్డు వెనకాలే ఒక సర్క్యులర్ వచ్చింది. ఈ రోజుల్లో కారు ఇంజిన్‌లో ఏదైనా తేడా వస్తే స్టీరింగు ముందు పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది. మెకానిక్కులు దాన్ని చెక్ లైటు అంటారు. మా సర్క్యులర్ దాన్ని ‘ఇంజిన్ అస్వస్థతా సూచిక దీపం’ అంది. ఆ దీపం వెలుగుతున్న ఏ వాహనమూ స్వశక్తితో నడవరాదు. దీపం ఆరితే తప్ప కేంద్రం ఆవరణ దాటరాదు. ఆ ఆరడం కూడా దానంతట అదే ఆరాలి. మనిషి చేత్తో గాని, పరికరంతో గాని ఆర్పితే సాక్ష్యం చెరిపినట్టు లెక్క. నెల తిరిగేలోగా ఆరకపోతే వాహనం అవసానదశకు చేరినట్టు భావించి తుక్కు చేసెయ్యాలి.

ఆ చివరి వాక్యం కోసం మాకొక యంత్రాన్ని కూడా పంపారు. నీలం రంగు, ఇల్లంత ఎత్తు. కారును దాని నోట్లో పెట్టి మీట నొక్కితే అటు నుంచి ట్రంకుపెట్టె అంత ఇనపముద్ద వస్తుందట. వస్తుందట అని ఎందుకంటున్నానంటే, ఎవరూ చూడలేదు. దీపం వెలుగుతున్న బళ్ళను మా గుమ్మం ఎక్కించడం జనం పూర్తిగా మానేశారు. దీపం ఉన్నవాళ్ళు చీకటి పడ్డాక మా వీధి తప్పించి తిరుగుతున్నారని వినికిడి.

మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారికి ఇది మనోవ్యాధి అయింది. రోజూ ఆఫీసుకు రాగానే ముందు యంత్రం దగ్గరికి వెళ్ళి, దాని నోట్లోకి తొంగి చూసి, నిట్టూర్చి వచ్చేవారు. పైనుంచి పెద్దాయన వచ్చి యంత్రాన్ని ప్రారంభించడానికి ముహూర్తం కూడా పెట్టేశారు.

“సోమయాజులు గారూ, యంత్రము సిద్ధముగా ఉన్నది. శిలాఫలకము సిద్ధముగా ఉన్నది. లబ్ధిదారుడే లేడు” అనేవారు.

సరిగ్గా ఆ పరిస్థితిలో హైమవతి గారు తన కారుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చారు.

డాక్టర్ కంచర్ల హైమవతి గారు పశువుల డాక్టరు. ఉద్యోగంలోంచి రిటైరై చాలా కాలమైంది గాని, ఆ సంగతి లంకల్లోని గేదెలకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడ ఈత కష్టమైనా, ఎక్కడ పొదుగు వాచినా ఇప్పటికీ ఆవిడకే ఫోను. ఆవిడ కారు అరవై ఒకటో సంవత్సరం నాటిది. గుండ్రటి వీపు, రెండు పెద్ద కళ్ళు, ముదురాకుపచ్చ రంగు. ముందు సీట్లో మందుల సంచి, వెనక సీట్లో దూడ. ఇదీ ఆ కారు జీవితం. దాని పాత ఇంజిన్ మొన్నామధ్య వరదల్లో మునిగి పోయినప్పుడు అమ్మెయ్యమని అందరూ చెప్పారు. ఆవిడ వినలేదు. మెకానిక్ కరీముల్లా చేత, యాక్సిడెంటులో నుజ్జైన ఒక చిన్న తెల్లకారు ఇంజిన్ తెప్పించి ఇందులో బిగించారు. కంప్యూటరు బుర్ర ఉన్న కొత్తకాలం ఇంజిన్. మార్పు సంగతి బండి పుస్తకంలో దర్జాగా ఎక్కించారు కూడా.

మా ట్రాకు మీద కారు బ్రేకులు పాసయ్యాయి, లైట్లు పాసయ్యాయి, హారన్ మోగిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. అప్పుడు పరాంకుశం గారు కిటికీలోంచి తల లోపలికి పెట్టారు. డాష్‌బోర్డు మూల చిన్న పసుపుపచ్చ దీపం వెలుగుతూ ఉంది.

ఆయన మొహం కూడా వెలిగింది.

“ఇది ఎప్పటి నుంచీ ప్రజ్వలించుచున్నది?” అని అడిగారు.

“నిన్నటి నుంచండి. కరీముల్లాకి చెప్పాను. మధ్యాహ్నం చూస్తానన్నాడు” అన్నారు హైమవతి గారు.

“అసలు అరవై ఒకటిలో ఇట్టి దీపములు లేవు కదా?”

“లేవండి. ఇంజిన్‌తో పాటు దీపం కూడా పెట్టాలి, లేకపోతే దాని బాధ మనకెలా తెలుస్తుందని కరీముల్లానే పెట్టాడు. నా పేషెంట్లు ఎలాగూ నోరు విప్పవు. ఇదొక్కటైనా చెప్తుంది కదా అని నేనూ సరేనన్నాను.”

“పెట్టకపోయి ఉంటే మీరు ఈపాటికి ఇంటికి చేరి ఉండేవారు” అన్నారు పరాంకుశం గారు, ఎంతో సానుభూతితో.

రోగ నిర్ధారణకు మా దగ్గర ప్రభుత్వ యంత్రం ఉంది. దాని తీగను కారుకు తగిలిస్తే తెర మీద జబ్బు పేరు కనిపించాలి. కాని అది ముందు వాహనం పుట్టిన సంవత్సరం అడుగుతుంది. అరవై ఒకటి అని కొట్టాను. ‘అట్టి సంవత్సరము లేదు’ అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేదంది. చివరికి ఇంజిన్ నంబరు కొట్టాను. అది కాసేపు ఆలోచించి, ఈ నంబరు గల తెల్లకారు ఇప్పటికే తుక్కు అయిపోయిందని, చనిపోయిన వాహనాలకు పరీక్షలు చేయబడవని చెప్పింది.

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆయన అలా కళ్ళు మూసుకున్నప్పుడల్లా జిల్లాలో ఎవరికో ఒకరికి కష్టం వస్తుంది.

“సోమయాజులు గారూ, రాసుకోండి. ఇది ఒక వాహనము కాదు. రెండు వాహనములు. బయటిది పురాతన వాహనము. పురాతన వాహనములకు దీపము నుండి మినహాయింపు ఉన్నది. కావున కారు పాసు. లోపలిది ఆధునిక వాహనము. దీపము వెలుగుచున్నది. కావున ఇంజిను ఫెయిలు.”

రెండు కాగితాలు తయారు చేశాను. పాసు కాగితం హైమవతి గారి చేతికిచ్చాను.

“మీ కారును మీరు నిరభ్యంతరముగా తీసుకుపోవచ్చును. ఇంజిను మాత్రము ఇచ్చట ఉండును” అన్నారు పరాంకుశం గారు.

ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇంజిన్ లేకుండా ఎలా వెళ్తుందండీ?”

“ఎలా వెళ్ళును అనునది ప్రయాణమునకు సంబంధించిన విషయము. మాది స్వస్థత.”

“సార్, బొడ్డుపల్లిలంకలో ఒక చూడిగేదె నా కోసం ఎదురుచూస్తోంది. రేపోమాపో ఈనుతుంది. దూడ అడ్డం తిరిగింది. ఆ దారిలో ఆటో కూడా రాదు.”

“దానికి మా శుభాకాంక్షలు తెలియజేయండి” అన్నారాయన.

ఆవిడ మందుల సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ నడిచే వెళ్ళిపోయారు. గేదె క్షేమంగా ఈనిందని, ఆవిడ మాత్రం మోకాళ్ళు పట్టేసి మంచమెక్కారని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

కరీముల్లా ఆ సాయంత్రమే వచ్చాడు. చికిత్స చేయరాదని సర్క్యులర్‌లో లేదు గనక పరాంకుశం గారు అడ్డు చెప్పలేదు. అతను జేబులోంచి అగ్గిపెట్టె అంత పరికరం తీసి కారుకు తగిలించి, ఫోనులో చూసుకుని నవ్వాడు.

“ఏమైంది బాబూ?” అన్నాను.

“ఏం లేదు సార్. ఇది వాళ్ళింటిని తలుచుకుంటోంది.”

నాకర్థం కాలేదు. అతను బానెట్ ఎత్తి చూపించాడు.

“ఈ ఇంజిన్ అసలు ఉన్న తెల్లకారులో పెట్రోలు ట్యాంకు ఆవిరి పట్టడానికి ఓ డబ్బా ఉండేది. దానికో వాల్వు. ఇంజిన్ బుర్ర ఆ వాల్వుని మాటిమాటికీ ‘ఉన్నావా’ అని పలకరిస్తూ ఉంటది. ఈ పాత కారులో ఆ డబ్బా ఎక్కడిది? అందుకని వాల్వు బదులు ఓ చిన్న కరెంటు ముక్క పెట్టి మభ్యపెట్టాను. ఆ ముక్క కాలిపోయింది. పలికేవాళ్ళు లేరని ఇది దీపం పెట్టింది.”

నేనీ సంగతి ఫోనులో చెబితే హైమవతి గారు వెంటనే అందుకున్నారు. “దూడ చచ్చిన గేదె ముందు గడ్డి కూరిన దూడను నిలబెట్టి పాలు పిండుతారు చూడండి, అదీ సంగతి. గడ్డిదూడ వద్దని చెప్పండి వాడికి. నిజం దూడనే తెచ్చి కట్టమనండి.”

కరీముల్లా మర్నాడు ఆ డబ్బా, వాల్వు, గొట్టాలు అన్నీ సంపాదించి తెచ్చి శుభ్రంగా బిగించాడు. ఇంజిన్ స్టార్ట్ చేశాడు. జబ్బు పోయింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

“ఇదేమిటయ్యా?”

“దానికి నమ్మకం కుదరాలి సార్. ఊరికే స్టార్ట్ చేస్తే చాలదు. నడవాలి, వేడెక్కాలి, కాస్త పరుగెత్తాలి, మళ్ళీ చల్లారాలి. అలా వరసగా మూడుసార్లు జబ్బు కనపడకపోతే అదే ఆర్పేస్తది. లేదంటారా, ఈ పరికరంతో నేను ఇప్పుడే ఆర్పేస్తా. ఒక్క బొత్తాం.”

“ఆర్పరాదు!” అంటూ వెనక నుంచి పరాంకుశం గారు వచ్చారు. “పరికరముతో ఆర్పుట నేరము. దానంతట అదే ఆరవలెను.”

“అదే ఆరాలంటే నడపాలి సార్.”

“దీపము ఆరనిదే నడపరాదు.”

“నడపనిదే దీపం ఆరదు సార్.”

“చూచితివా! నిబంధనలో ఎక్కడా లోపము లేదు” అని పరాంకుశం గారు మురిసిపోయారు. అలా మురిసిపోతూనే యంత్రం వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆ కారు నాకేమీ కాదు. అయినా, పెళ్ళివారింట్లో పొయ్యి పక్కన కట్టేసిన మేకపోతును చూస్తే ఎవరికైనా ఎలా ఉంటుందో అలా అనిపించింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. నెల గడువు ముహూర్తం నాటికి తీరుతుందని లెక్క తేల్చి కారుకు నోటీసు అంటించారు. ఆహ్వానపత్రిక అచ్చయింది. ‘ప్రథమ లబ్ధిదారు: పురాతన వాహనము’ అని అందులో వేశారు. కారు పాసైంది కదా, ఇంజిన్ కదా ఫెయిలైంది, పాసైన దాన్ని ఎలా నలుపుతామని నేను భయపడుతూ అడిగాను. ఇంజిన్‌ను కారులోంచి విప్పితే అది సాక్ష్యాధారాలను కదిలించినట్టవుతుందని, కాబట్టి కారు తన ఇంజిన్‌కు తోడుగా స్వచ్ఛందంగా వెళ్తున్నట్టు భావించవలెనని పరాంకుశం గారు సెలవిచ్చారు. “సహగమనము” అన్నారు మెల్లిగా.

హైమవతి గారు కర్ర పట్టుకుని వచ్చి నోటీసు చదివారు. రెండోసారి చదివారు. ఆవిడ చెయ్యి కారు కప్పు మీద ఉంది. ఎవరైనా గొడ్డును మందు వెయ్యకముందు అలా నిమురుతారు.

“సోమయాజులు గారూ, ఆ సర్క్యులర్ ఒకసారి ఇస్తారా?” అన్నారు.

ఇచ్చాను. నా టేబులు దగ్గరే కూర్చుని వేలుపెట్టి ప్రతి మాటా చదివారు. ఒక చోట వేలు ఆగింది. పెదవులు కదిలాయి. కాగితం నాకు తిరిగి ఇచ్చేసి, “కాఫీ బాగుందండి” అన్నారు. నేను కాఫీ ఇవ్వనే లేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు పొద్దున్నే గేటు దగ్గర గంటల చప్పుడైంది. బయటికొచ్చి చూస్తే, తెల్లగా సున్నం కొట్టిన గోడల్లా రెండు ఒంగోలు ఎద్దులు. వాటి పగ్గాలు పట్టుకుని తలపాగా మనిషి. పక్కన హైమవతి గారు, కరీముల్లా.

“ఈయన కొప్పిశెట్టి ఏడుకొండలు. పందెం ఎద్దులు వీరివి. నా పేషెంట్లు” అని ఆవిడ పరిచయం చేశారు.

పరాంకుశం గారు పరుగున వచ్చారు. “ఏమిటిది?”

“వాహనం స్వశక్తితో నడవరాదని కదండీ మీ సర్క్యులర్? స్వశక్తితో వద్దు. ఎద్దులు లాగుతాయి. ఆవరణ దాటం. మీ ట్రాకు మీదే తిరుగుతాం” అన్నారు హైమవతి గారు.

ఆయన సర్క్యులర్ తెప్పించుకున్నారు. ‘స్వశక్తితో’ అన్న మాట దగ్గర ఆయన వేలు కూడా ఆగింది. ఆ మాట లేకుండా ఉంటే ఎంత బాగుండునో ఆయన ముఖంలో కనిపించింది. కాని నిబంధన నిబంధనే. పరాంకుశం గారిలో నేను గౌరవించే గుణం అదొక్కటే. తనకు నష్టమైనా సరే, అక్షరం దాటరు.

“ఈ పశువుల ఆరోగ్యమునకు ధ్రువీకరణ ఉన్నదా?” అన్నారు ఆఖరి ఆశతో.

హైమవతి గారు సంచిలోంచి చీటీల పుస్తకం తీసి అక్కడికక్కడే రాసి ఇచ్చారు.

“మీరు రిటైరైనారు కదా?”

“ఉద్యోగానికండి. డాక్టరు రిజిస్ట్రేషన్‌కి కాదు.”

“పశువుల పేర్లు?”

“ఎడమెద్దు కలెక్టరండి, కుడెద్దు తాసీల్దారండి” అన్నాడు ఏడుకొండలు.

పరాంకుశం గారు నా వైపు చూశారు. నేను రిజిస్టరు వైపు చూశాను.

“ఎగతాళి కాదండి బాబూ, సిన్నప్పట్నించీ అయ్యే పేర్లండి. కలెక్టరు పెద్ద నెమ్మదండి. పక్కోడు కదిల్తేగాని తను కదల్డు. తాసీల్దారైతే ముందు మేత సూపించాలండి. అది సూపిత్తే ఇంక ఆగడు” అని ఏడుకొండలు వివరించాడు.

కాడి నుంచి కారు బంపరుకు లావుపాటి మోకు కట్టారు. ఏడుకొండలు పగ్గాలతో బానెట్ మీద ఎక్కి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. హైమవతి గారు స్టీరింగు పట్టుకున్నారు. దీపాన్ని కనిపెట్టి చూడ్డానికి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టారు. కరీముల్లా ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు.

“ఎద్దులు లాగుచుండగా ఇంజిను ఎందుకు?” అని పరాంకుశం గారు పట్టుకున్నారు.

“ఇంజిన్ తిరిగితేనే కదా సార్, దీపం ఆరిందో లేదో తెలిసేది.”

ఆయన ఒప్పుకోక తప్పలేదు. బండి కదిలింది. ఎద్దులు ముందు, కారు వెనక. హైమవతి గారు గేరు వేసిన సంగతి నేను చూశాను. నన్ను చూడమన్నది దీపాన్ని గనక ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

“తాసీల్దారు మూపు మీద పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది. దాని మీద గింజంత బరువు పడినా ఊరుకోను. మోకు బిగియ్యకూడదు” అన్నారావిడ నాకు మాత్రమే వినపడేలా.

పరాంకుశం గారు పక్కనే నడుస్తూ మోకును వేళ్ళతో నొక్కి చూశారు. “తాడు వదులుగా ఉన్నదే!”

“బలమైన ఎద్దులు సార్. వాటికి కష్టమే తెలియట్లేదు” అన్నారు హైమవతి గారు.

మొదటి ప్రయాణం అలా నెమ్మదిగా అయింది. ఇంజిన్ చల్లారేదాకా ఎద్దులను నీడలో కట్టి బకెట్టెడు ఉడికించిన ఉలవలు పెట్టించాం. ఆఫీసు ఖర్చు కిందే. మధ్యాహ్నం రెండోసారి బయల్దేరినప్పుడు, పొద్దున వేగం బొటాబొటిగా సరిపోయిందని, ఈసారి కాస్త పరుగెత్తాలని కరీముల్లా గుర్తు చేశాడు.

“పరుగేనా? ముందే సెప్పొద్దా” అని ఏడుకొండలు నోట్లో నాలుక మడిచి ఒక్క కేక వేశాడు.

పందెం ఎద్దులకు అదొక్కటీ చాలు. ట్రాకు అదిరింది. నేను ముందున్న పలకను రెండు చేతులతో పట్టుకున్నాను. హైమవతి గారు ఆక్సిలరేటరు మీద కాలు నొక్కి, వాటి తోకలకు కారు ముక్కు తగలకుండా, మోకు బిగియ్యకుండా, సూదిలో దారం ఎక్కించినంత ఒడుపుగా తోలుతున్నారు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో! పరాంకుశం గారు కొంతదూరం మోకు పట్టుకుని పరుగెత్తారు. తర్వాత మోకు లేకుండా పరుగెత్తారు. ఆ తర్వాత మలుపులో కనపడలేదు.

చుట్టుపక్కల వాళ్ళంతా ప్రహరీ ఎక్కేశారు. ఎవరి మీద పందెం కడుతున్నారో గాని ఈలలు ఒకటే గోల. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

సాయంత్రం మూడోసారి. ఈసారి పర్యవేక్షణ నిమిత్తం తాను వెనక సీట్లో కూర్చుంటానన్నారు పరాంకుశం గారు. పరుగెత్తే ఓపిక ఆయనకు లేదు. దూడలు కూర్చునే చోట కూర్చుని ముందు సీటును వాటేసుకున్నారు. ఏడుకొండలు కేక వేశాడు. మొదటి మలుపులో ఆయన “నిదానము, నిదానము” అన్నారు. రెండో మలుపులో ఏమీ అనలేదు. మూడో మలుపులో కాబోలు, “హై!” అని వెనక నుంచి వినిపించింది. నేను తిరిగి చూడలేదు. నా డ్యూటీ దీపం.

ప్రహరీ పక్కగా వస్తుండగా దీపం ఆరిపోయింది.

రెప్పపాటు నాకు నమ్మకం కలగలేదు. వేలితో తడిమి చూశాను. “ఆరిందండీ” అన్నాను.

హైమవతి గారు మెల్లిగా బ్రేకు వేశారు. ఏడుకొండలు పగ్గాలు లాగాడు. ఇంజిన్ ఆపేసి, మళ్ళీ తాళం తిప్పారు. దీపం ఒక్క క్షణం వెలిగి, పోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ పోయింది. ఆవిడ స్టీరింగు మీద నుదురు ఆన్చి కాసేపు అలాగే ఉండిపోయారు. కరీముల్లా పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి చూసి, “నమ్మింది అమ్మా” అన్నాడు.

పరాంకుశం గారు దిగి జుట్టు సవరించుకున్నారు. “దీపము దానంతట అదే ఆరినది. ఇంజిను పాసు” అని ప్రకటించారు. అయితే ఇంజిన్ విడుదల ఉత్తర్వు మర్నాటి నుంచే అమల్లోకి వస్తుందని, అప్పటిదాకా అది స్వశక్తితో గేటు దాటకూడదని కూడా అన్నారు. మర్నాడు ప్రారంభోత్సవం. కారు ఆ రాత్రి అక్కడుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.

“ఎద్దులున్నాయిగా” అన్నారు హైమవతి గారు.

ఆ ఎద్దులతోనే గేటు దాటారు. వాచ్‌మన్ రిజిస్టరు నింపమంటే నేనే నింపాను. ‘వాహనమును తీసుకుపోయినవారు’ అన్న గడి ఉంది. హైమవతి గారి పేరు రాయబోతే పరాంకుశం గారు వారించారు. ఆవిడ కూర్చున్నదే గాని తీసుకుపోలేదని, తీసుకుపోయిన వారి పేర్లే రాయాలని అన్నారు. అలాగే రాశాను.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. లబ్ధిదారు లేకపోయేసరికి చివరి నిమిషంలో మా రికార్డు గదిలోని పాత ఇనప బీరువాను పూలదండ వేసి యంత్రంలో పెట్టారు. పెద్దాయన మీట నొక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. బీరువాలో ఏళ్ళ తరబడి తేలని దరఖాస్తులున్నాయన్న సంగతి అది ముద్దయి బయటికొచ్చాక తెలిసింది. ఆ నెల మా కేంద్రంలో పెండింగు పూర్తిగా నిల్ అయింది. పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ పత్రం వెనకాలే హెడ్డాఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది. పరాంకుశం గారు సెలవులో ఉన్నారు. నేనే తీశాను. అవతల చాలా పెద్ద గొంతు.

“ఏమయ్యా, ఆహ్వానపత్రికలో పాత కారు అని వేసి, బీరువా నలిపారట? తుక్కు జాబితాలో ఉన్న కారును ఎవరు తీసుకుపోయారు? ఎవడి ధైర్యమది?”

నేను రిజిస్టరు తెరిచి చదివాను. “కలెక్టరు, తాసీల్దారండి.”

అవతల గొంతు సగానికి తగ్గింది. “ఏమిటీ? స్వయంగా వచ్చారా?”

“పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నారండి. ట్రాకు మీద మూడుసార్లు తిరిగారు.”

“కారుతోనా?”

“ముందుండి నడిపించారండి.”

“అబ్బో! మీ డిప్యూటీ డైరెక్టరు ఏం చేస్తున్నాడు అప్పుడు?”

“వారి వెనకాలే పరుగెత్తారండి.”

“పరుగెత్తాలి మరి. అంతటివాళ్ళొస్తే పరుగెత్తాలి.” గొంతు ఇంకా మెత్తబడింది. “మర్యాదల్లో లోటు రాలేదు కదా? తినడానికేమైనా పెట్టారా?”

“ఉలవలు పెట్టామండి.”

అవతల ఎవరితోనో ‘ఉలవలట’ అనడం వినిపించింది.

“మంచి పని చేశారు. ఈ మధ్య పెద్ద ఆఫీసర్లంతా అవే తింటున్నారు. ఫైలు మూసెయ్యండి” అని ఫోను పెట్టేశారు.

మూసేశాను.